మూడు వేల సీసానా, రెండు రూపాయల మాత్రా, రైతు బజారు సంచా?

సంక్రాంతికి వారం ముందు సంగతి. విశాఖ మహారాణిపేటలో మా మందుల షాపు. సాయంత్రం ఆరు దాటితే కేజీహెచ్ పెద్దాసుపత్రి నుంచి వచ్చే చీటీలతో కౌంటరు దగ్గర ఊపిరాడదు. ఆ రద్దీలోనే ఒక పెద్దాయన వచ్చారు. స్టీలు ప్లాంటులో చేసి రిటైరయ్యారు, గాజువాక నుంచి బస్సెక్కి వస్తారు. నెలనెలా బీపీ, షుగరు మందులు మా దగ్గరే తీసుకుంటారు.

"బాబూ, ఈ నెల బీపీది పదిహేను రోజులకే ఇయ్యి. షుగరుది కూడా సగమే" అన్నారు.

"ఏటి మేస్టారూ, డాక్టరు గారు తగ్గించారా?"

"లేదు. జ్యూసు కొనాల" అని సంచిలోంచి ఓ సీసా తీసి కౌంటరు మీద పెట్టారు. నోని, మాంగోస్టీన్, గోజీ, దానిమ్మ, ద్రాక్షగింజల సారం. ముప్పావు లీటరు, ఎమ్మార్పీ 2,900 రూపాయలు. అల్లుడి స్నేహితుడు అమ్ముతున్నాడట. "యాంటీ ఆక్సిడెంట్లంట బాబూ. రక్తనాళాలు శుభ్రం చేస్తాదంట. మూడు నెల్లు తాగితే బీపీ మాత్ర మెల్లగా మానేయొచ్చన్నారు."

ఆ చివరి మాటకి నాకు గుండె ఝల్లుమంది. సీసాలో ఏముందన్నది తర్వాతి సంగతి. బీపీ మాత్ర ఒక్కసారిగా మానేసి, పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన వాళ్ళ ఇళ్ళ నుంచి చీటీలు మా కౌంటరుకే వస్తాయి. అందుకే ఆ రోజు ఆయనకి చెప్పిందీ, రద్దీలో చెప్పలేకపోయిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. ఇలాంటి సీసాలు, డబ్బాలు మా షాపులోనూ ఉన్నాయి. ధరల నియంత్రణ జాబితాలో ఉన్న మందుల మీద రిటైలరుకి ప్రభుత్వం లెక్కగట్టి ఇచ్చే మార్జిన్ 16 శాతం. సప్లిమెంట్లకి ఆ లెక్క వర్తించదు, వాటి మీద మాకు మిగిలేది చాలా ఎక్కువ. ఏది కొనమని చెప్పేవాడికైనా, ఏది అమ్ముడుపోతే ఎంత మిగులుతుందో కొనేవాళ్ళకి తెలిసి ఉండాలి. డాక్టరు చీటీ లేకుండా "బలానికి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే, ఏ షాపులోనైనా చెయ్యి ముందు ఆ ర్యాకు వైపే వెళ్తుంది.

మాట ఎక్కడ పుట్టింది, పరీక్షలో ఏమైంది

ఇనుము తుప్పు పట్టినట్టు మన ఒంట్లో కణాలు కూడా దెబ్బ తింటాయని, ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులే దానికి కారణమని, ముసలితనం కూడా వాటివల్లేనని 1956లో డెన్హమ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఆ అణువుల పని పట్టేవే యాంటీ ఆక్సిడెంట్లు. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, సెలీనియం అన్నీ ఈ కోవలోకే వస్తాయి. కూరగాయలు, పళ్ళు బాగా తినేవాళ్ళకి గుండెజబ్బులు, కొన్ని క్యాన్సర్లు తక్కువని సర్వేల్లో కనబడింది. వాటిలో ఈ పదార్థాలు ఉన్నాయి కాబట్టి, పదార్థాన్ని విడదీసి మాత్రగా ఇస్తే సరిపోతుందనుకున్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది. నేను ఫార్మసీ చదివే రోజుల్లో నేనూ నమ్మాను.

అనుకోవడంతో ఆగకుండా పరీక్షించి చూశారు. ఇప్పుడు సీసా అమ్మేవాళ్ళు ఎవరూ చెప్పనిది ఈ భాగమే.

ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్ళని ఎంచుకుని, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ, కొందరికి రెండూ, మిగిలినవాళ్ళకి ఏ మందూ లేని ఉత్తి గొట్టాలు (క్యాప్సూళ్ళు) ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్తోందో ఇచ్చేవాళ్ళకీ తెలియదు, మింగేవాళ్ళకీ తెలియదు. ఐదు నుంచి ఎనిమిదేళ్ళు నడిపి 1994లో ఫలితం బయటపెట్టారు. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. ఇదేదో పొరపాటేమో అనుకునే లోపు అమెరికా నుంచి రెండో దెబ్బ తగిలింది. పొగతాగేవాళ్ళు, మానేసినవాళ్ళు, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్ళు కలిపి 18,314 మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇస్తున్న పరీక్షని 1996 జనవరిలో, అనుకున్న గడువుకి 21 నెలల ముందే ఆపేశారు. మాత్రలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువగా కనబడ్డాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, అలా అయింది.

ఆ తర్వాత ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతాయేమోనని విటమిన్ ఇ, సెలీనియంలని 35 వేల మందికి పైగా మగవాళ్ళ మీద పరీక్షించారు. ఉపయోగం లేదని 2008లో ఆపేశారు. 2011 నాటికి లెక్క చూస్తే విటమిన్ ఇ ఒక్కటే తీసుకున్నవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. ఇలాంటి 78 పరీక్షల్ని, మొత్తం 2,96,707 మంది వివరాల్ని కలిపి కాక్రేన్ సంస్థ 2012లో విశ్లేషించింది. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఆయుష్షు పెంచుతాయనడానికి ఆధారం దొరకలేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ అయితే మరణాల ముప్పు కాస్త పెంచేలా ఉన్నాయని తేల్చింది.

ఎందుకిలా జరిగిందో పూర్తిగా విప్పి చెప్పడం కష్టం. తెలిసినంతలో, ఫ్రీ రాడికల్స్ ఉత్త శత్రువులు కావు. తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిముల్ని చంపేది వాటితోనే. వ్యాయామం చేసినప్పుడు "ఇంకా బలపడు" అని కండరాలకి కబురు పంపేదీ అవే. 2009లో జర్మనీలో జరిగిన ఒక చిన్న పరీక్షలో, రోజూ 1,000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ వేసుకుంటూ వ్యాయామం చేసిన కుర్రాళ్ళలో ఇన్సులిన్ బాగా పనిచేయడమనే లాభం కనబడలేదు. మాత్ర లేకుండా వ్యాయామం చేసినవాళ్ళలో కనబడింది. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో గంట నడిచి, ఇంటికొచ్చి యాంటీ ఆక్సిడెంట్ గొట్టం మింగే షుగరు పేషెంట్లు నాకు చాలామంది తెలుసు. చెమటోడ్చి సంపాదించిన లాభం ఆ గొట్టంతో తగ్గిపోతుందేమోనని వాళ్ళ గురించే నాకు టెన్షన్.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ గురించి మన వైజాగ్ డాక్టర్లు దశాబ్దాల కిందటి నుంచే రాశారు. పోర్టు దుమ్ము ఇళ్ళలోకి వస్తోందని "లంగ్ డిటాక్స్" గొట్టాలు అడిగేవాళ్ళూ ఉన్నారు. ఇంట్లో చుట్టో సిగరెట్టో తాగేవాళ్ళుంటే, తాగి మానేసినవాళ్ళున్నా సరే, బీటా కెరోటిన్ ఎక్కువ డోసులో ఉన్న డబ్బా ఇంటికి తీసుకెళ్ళకండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఏది దేనితో పోల్చాలి

ధర పక్కన ధర పెట్టి చూస్తే ఖరీదైనదే గొప్పగా కనిపిస్తుంది. "వెయ్యి పళ్ళ శక్తి", "ఓరాక్ విలువ ఇంత" అని సీసా మీద రాస్తారు. ఆ ఓరాక్ అనేది ఒక పదార్థం యాంటీ ఆక్సిడెంట్‌గా ఎంత పనిచేస్తుందో గాజునాళికలో కొలిచిన లెక్క. అది మనిషి ఒంట్లో జరిగేదాన్ని చెప్పదని, కంపెనీలు దాన్ని ప్రకటనలకి వాడుకుంటున్నాయని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికనే తీసేసింది. మీరు అడగాల్సింది వేరు. దీన్ని మనుషులకి ఇచ్చి చూశారా, ఏ జబ్బు తగ్గింది, నేను వేసుకునే మందులతో దీనికి పడుతుందా? ఈ ప్రశ్నలతో ఒక్కోటీ చూద్దాం.

జ్యూసు సీసా. పెద్దాయన తెచ్చినది కళ్ళజోడు తీసి దగ్గరగా చూశాను. వెనక చిన్న అక్షరాల్లో పళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి, ఏది ఎంతో లేదు. "మిశ్రమం మొత్తం ఇన్ని మిల్లీలీటర్లు" అని ఒకే అంకె. అందులో మాంగోస్టీన్ చెంచాడు ఉందో, చుక్క ఉందో తెలుసుకునే దారి లేదు. చక్కెర మాత్రం ఉంది. ఆయన షుగరు పేషెంటు. మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉన్నాయి. "గవర్నమెంటు ఆమోదించింది చూడు" అని ఆయన చూపించింది దాన్నే. ఆ నంబరు తయారీదారుడికి ఆహార వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి. అది జబ్బు తగ్గిస్తుందని ఎవరూ పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. ఆ లేబుల్ మీదే, అడుగున, "ఔషధంగా వాడకానికి కాదు" అన్న అర్థం వచ్చే వాక్యం ఇంగ్లీషులో ఉంది. సప్లిమెంట్ల మీద అలా రాయాలని నిబంధన. అమ్మినాయన చెప్పిందీ, సీసా మీద రాసిందీ ఒకదానికొకటి ఎదురు. ఇంకో సంగతి, నోని రసంలో పొటాషియం ఉంటుంది. ఆయన వాడే బీపీ మాత్ర టెల్మిసార్టాన్. అది కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచగలదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళకి ఈ రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇన్ని చూశాక ఈ జ్యూసుకి నేను ఏ వయసువాళ్ళకీ ఓటెయ్యలేను.

గ్లూటాథయోన్. పెళ్ళిళ్ళ సీజను ముందు సిరిపురం నుంచి గాజువాక దాకా తెల్లబడే డ్రిప్పుల బోర్డులు కనబడతాయి. ఇది మన కాలేయం తనంతట తాను తయారుచేసుకునే యాంటీ ఆక్సిడెంట్. మాత్రగా మింగితే చాలావరకు పేగుల్లోనే విడిపోతుంది. అందుకే నేరుగా నరానికి ఎక్కిస్తామంటారు. చర్మం తెల్లబరచడానికి ఇలా ఎక్కించడం ప్రమాదమని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. పెళ్ళికూతురి రంగు కోసం కిడ్నీల మీద, కాలేయం మీద పందెం కాయడం నా దృష్టిలో అన్యాయం. అమ్మాయిలూ, దయచేసి వద్దు.

కర్కుమిన్ గొట్టాల విషయంలో నేను కాస్త నెమ్మదిగా మాట్లాడతాను, ఎందుకంటే పసుపంటే మనకి మక్కువ, పాడేరు పసుపంటే మరీ. పసుపులో కర్కుమిన్ దాదాపు 3 శాతమే. అది ఒంటికి పట్టేదీ బాగా తక్కువ. అందుకని గొట్టాల్లో మిరియాల నుంచి తీసిన పైపెరిన్ కలుపుతారు. ఆ పైపెరినే మీరు వేసుకునే వేరే మందుల్నీ రక్తంలోకి ఎక్కువగా పంపగలదు. మూర్ఛకి ఫెనిటోయిన్ వాడేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పసుపు సప్లిమెంట్ల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు 2019లో ఇటలీలో బయటపడ్డాయి, అమెరికాలోనూ నమోదయ్యాయి. కూరలో వేసే అరచెంచా పసుపుకి ఈ భయం లేదు. గ్రీన్ టీ కూడా అంతే. కప్పులో తాగితే చింత లేదు. దాని సారాన్ని గొట్టంలో కుక్కి అందులోని ఇజీసీజీ అనే యాంటీ ఆక్సిడెంట్‌ని రోజుకి 800 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి తీసుకుంటే కాలేయం ఎంజైములు పెరుగుతున్నాయని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది.

విటమిన్ సి మాత్ర చవక, రెండు రూపాయలు అటూ ఇటూ. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పౌలింగ్ 1970లో దీన్ని జలుబు మందుగా ప్రచారం చేశాక ప్రపంచమంతా మింగడం మొదలుపెట్టింది. రోజూ తీసుకుంటే పెద్దవాళ్ళలో జలుబు దాదాపు 8 శాతం తక్కువ రోజులుంటుంది, అంటే ఏడాదంతా మింగితే ఒక్కో జలుబులో అరరోజు కలిసొస్తుందేమో. మామూలు జనంలో జలుబు రాకుండా మాత్రం ఆపలేదు. జలుబు వచ్చాక మొదలుపెడితే చెప్పుకోదగ్గ గుణం కనబడలేదు. పైగా డోసు పెంచే కొద్దీ ఒళ్ళు పీల్చుకోవడం తగ్గిస్తుంది. గ్రాము దాటితే సగం కూడా పట్టదు, పట్టిందాంట్లోనూ ఒంటికి ఎక్కువైంది మూత్రంలో పోతుంది. కిడ్నీ రాళ్ళు వచ్చిన చరిత్ర ఉన్న మగవాళ్ళు గ్రాము మాత్రల జోలికి పోకపోవడం మంచిది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతుంటేనో, లోపం ఉందని డాక్టరు చెబితేనో ఇదే మాత్ర నిజంగా మందు. అప్పుడు చవక మాత్రకీ, "ఆర్గానిక్" అని రాసి ఎనిమిది వందలకి అమ్మే డబ్బాకీ ఒంట్లో తేడా లేదు. చవకదే కొనండి.

విటమిన్ ఇ గొట్టాలు మొహానికి రాసుకునేవాళ్ళని నేను ఆపను. మింగేవాళ్ళని మాత్రం అడుగుతాను. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మందులు వాడుతూ దీన్ని పెద్ద డోసులో వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. క్యాన్సర్‌కి కీమో నడుస్తున్నవాళ్ళు ఏ యాంటీ ఆక్సిడెంట్ అయినా తమ క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా ముట్టకూడదు.

నిజంగా పనికొచ్చిన చోటు

అన్నీ బూటకమని నేననడం లేదు. వయసుతో కంటి రెటీనా మధ్యభాగం పాడయ్యే మాక్యులర్ డీజనరేషన్ అనే జబ్బు ఉంది. అది మధ్యస్థ దశలో ఉన్నవాళ్ళకి విటమిన్ సి, విటమిన్ ఇ, జింక్, బీటా కెరోటిన్ కలిపి ఇస్తే ముదిరే అవకాశం దాదాపు నాలుగో వంతు తగ్గిందని అమెరికా జాతీయ నేత్ర సంస్థ 2001లో చూపించింది. పొగతాగేవాళ్ళకి బీటా కెరోటిన్ ప్రమాదం కాబట్టి, దాని బదులు లూటీన్, జియాజాంథిన్ అనే పదార్థాలు పెట్టవచ్చని 2013లో మళ్ళీ పరీక్షించి చెప్పింది. జబ్బు ఫలానా, దశ ఫలానా, డోసు ఫలానా అని తేల్చి చెప్పడమంటే ఇలా ఉంటుంది. రెటీనా డాక్టరు రాస్తే ఆ డబ్బా ఖరీదైనా కొనండి, మానకండి. కళ్ళు బాగున్నవాళ్ళు "చూపు మెరుగవుతుందట" అని అవే కొనడం మాత్రం డబ్బు దండగ.

యాంటీ ఆక్సిడెంట్ ఖర్చుని మళ్ళించాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. షుగరుకి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్ళలో విటమిన్ బి12 తగ్గవచ్చు. అరికాళ్ళ మంటలు, తిమ్మిర్లు షుగరువల్లే అనుకుని ఊరుకుంటారు. ఆ 2,900 రూపాయల్లోంచే బి12 పరీక్ష, మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకోవచ్చు. పెద్దాయనకి నేను రాసిచ్చింది ఈ రెండే.

సంచి సంగతి

సర్వేల్లో మేలు కనబడింది కూరగాయలు, పళ్ళు తిన్నవాళ్ళలో. విడదీసిన మాత్రలో ఆ మేలు రాలేదు. కాబట్టి సంచి పట్టుకుని ఎంవీపీ కాలనీ రైతు బజారుకో, సీతమ్మధార, కంచరపాలెం రైతు బజార్లకో వెళ్ళడమే నాకు తోచే మొదటి ఎంపిక. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలు. వంద గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంటే ఓ మోస్తరు కాయలో సగం తింటే ఆ రోజు లెక్క తీరిపోయింది. ఉసిరికాయ అంతకంటే ముందే ఉంటుంది. కార్తీకమాసంలో వనభోజనాలకి తెచ్చినవి నాలుగు ఎక్కువ తెచ్చుకుని ముక్కలు చేసి ఉప్పులో వేసుకోండి. విటమిన్ సి వేడికి పోతుంది గనక పచ్చిగా తినేది రోజూ ఒకటి ఉండాలి. తోటకూర, మునగాకుల్లోని కెరోటిన్‌కి మాత్రం కాస్త నూనె కావాలి, పోపు వేస్తేనే ఒంటికి పడుతుంది. టమాటాలోని లైకోపీన్ కూడా నూనెలో మగ్గితే బాగా అందుతుంది. మా అమ్మ చేసే టమాటా పప్పు ఈ లెక్కన సరైనదే.

ఇది కూడా అందరికీ ఒకే కొలత కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఆకుకూరలు, పళ్ళు డాక్టరు చెప్పిన మేరకే తినాలి. వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూరలు మానక్కర్లేదు, కానీ ఒకవారం రోజూ తిని మరోవారం అసలు తినకపోతే రక్తం పలుచదనం లెక్క తప్పుతుంది. ఎప్పుడూ ఒకే పాళ్ళలో తినాలి.

పెద్దాయన ఆ రోజు మందులు నెలకి సరిపడా తీసుకున్నారు. రెండో సీసా అప్పటికే ఇంట్లో ఉందని, మూత తీయలేదని చెప్పారు. మీ ఇంట్లో కూడా అలా ఉంటే మూత తీయకండి. బిల్లు వెతికి, అమ్మినవాళ్ళని వాపసు అడగండి. నేరుగా ఇళ్ళకొచ్చి అమ్మే కంపెనీలకి 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వాపసు పద్ధతి ఉండాలి. బిల్లు ఇవ్వకపోయినా, వాపసు తీసుకోకపోయినా, జబ్బు తగ్గుతుందని చెప్పి అమ్మినా 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఫోన్ చేసేటప్పుడు సీసా చేతిలో పెట్టుకోండి. బ్యాచి నంబరు, లైసెన్సు నంబరు దాని మీదే ఉంటాయి. వాట్సాప్‌లో వాళ్ళు పంపిన ప్రకటనలు డిలీట్ చేయకుండా ఉంచండి.